ఏడుగురి ఆట – ఒక్కడి వేలం

సావనీర్ కమిటీ మిత్రులు స్టాఫ్ రూముకు వచ్చి "సార్, ఈసారి జెర మేం చదివేటిది రాయిండ్రి" అన్నారు. మాట గుచ్చుకుంది గాని అందులో అబద్ధం లేదు. ఇదివరకు నేను రాసినవన్నీ ద్రవ్యోల్బణం మీద, పంటల గిట్టుబాటు ధరల మీద. వాటిని ప్రూఫులు దిద్దిన పిల్లవాడు తప్ప ఇంకెవరైనా చివరిదాకా చదివారన్న నమ్మకం నాకే లేదు. కాబట్టి ఈసారి ద్రవ్యోల్బణానికి సెలవిచ్చి కబడ్డీ గురించి రాస్తున్నాను. అయితే ఆర్థికశాస్త్రం చెప్పేవాడి చేతిలో పడితే కబడ్డీ కూడా చివరికి లెక్కల్లోకే పోతుంది. ఆ మాత్రం సహించాలని పాఠకులకు మనవి.

కాలేజీలో చదివే రోజుల్లో నేనూ కబడ్డీ ఆడినవాణ్నే. గొప్ప ఆటగాణ్ని కాను. ఎడమ కార్నర్లో నిలబడి, కూతకొచ్చినవాడి మడమ దొరకబుచ్చుకోవడం నా పని. మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని – బొగ్గుబావుల దిక్కు టోర్నమెంటు ఉందంటే ఎర్రబస్సెక్కి పోయేవాళ్ళం. అక్కడి మైదానాల్లో ఆడి లేస్తే పళ్ళు తప్ప మిగిలిన ఒళ్ళంతా నల్లగా ఉండేది. ఆదిలాబాద్ దిక్కు నల్లరేగడిలో వాన పడ్డ మర్నాడు ఆడాలంటే కూతగాడికీ పట్టేవాడికీ ఇద్దరికీ గండమే. ఇదంతా చెప్పుకోవడం గొప్పకు కాదు. ఈ ఆట గురించి మాట్లాడే అర్హత నాకు కొంచెమైనా ఉందని చెప్పడానికి.

2014 జూలైలో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. ఎనిమిది జట్లు. అందులో ఒకటి తెలుగు టైటాన్స్. అప్పటికి మన రాష్ట్రం వచ్చి రెండు నెలలు కూడా నిండలేదు. సెక్రెటేరియట్ దగ్గర్నుంచి ఫైళ్ళ దాకా పంచుకుంటున్న కాలం అది. రాష్ట్రాలు రెండయ్యాయి, కబడ్డీ జట్టు మాత్రం రెండింటికీ కలిపి ఒక్కటే దక్కింది. విశాఖపట్నంలో ఆడితే అక్కడివాళ్ళు మాది అన్నారు, హైదరాబాదులో ఆడితే మనం మాది అన్నాం. పేరులో తెలుగు ఉంది గనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

మొదట్లో జట్టు బాగానే ఆడింది. 2015లో మూడో స్థానం. 2016లో రెండు సీజన్లు జరిగితే రెండోదానిలో నాలుగో స్థానం. రాహుల్ చౌదరి కూతకు పోతుంటే మా వీధిలో పిల్లలు పలకలు పక్కన పెట్టి చూసేవాళ్ళు. ఆ తర్వాత కథ మారింది. 2017 నుంచి 2024 దాకా ఒక్కసారి కూడా ఆ జట్టు ప్లేఆఫ్ గడప తొక్కలేదు.

అందులోనూ మూడు సీజన్లు మరీ ఘోరం. వాటి లెక్క ఒకసారి చూద్దాం.

2021–22లో, కరోనా భయంతో మ్యాచులన్నీ బెంగళూరులో ప్రేక్షకులు లేకుండా జరిపిన సీజనులో, 22 మ్యాచులాడి 1 గెలిచింది. 2022లో 22 ఆడి 2 గెలిచింది. 2023–24లో మళ్ళీ 22 ఆడి 2 గెలిచింది. మొత్తం 66 ఆటల్లో 5 గెలుపులు. పన్నెండు జట్లలో మూడుసార్లూ పన్నెండో స్థానమే. ఇంకా విచిత్రమేమంటే 2024 మార్చి 1న ఆ సీజను ఫైనల్ జరిగింది మన హైదరాబాదులోనే. పుణెరి పల్టన్, హర్యానా స్టీలర్స్ తలపడ్డాయి, పుణె గెలిచింది. మనింట్లో పెళ్ళి, మనవాళ్ళెవరూ పీటల మీద లేరు!

"ఇంత చెత్త జట్టు గురించి సావనీరులో రాయడమేమిటి?" అని మీరనవచ్చు. ఆగండి. లెక్కలో ఇంకొక సంగతి ఉంది. అప్పటి నిబంధనల ప్రకారం గెలిస్తే 5 పాయింట్లు, సమానమైతే 3. ఓడినా, ఏడు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడితే ఒక పాయింటు ఇచ్చేవారు. 2021–22లో టైటాన్స్ ఒకటి గెలిచి, నాలుగు సమానం చేసుకుని, పదిహేడు ఓడి, మొత్తం 27 పాయింట్లు తెచ్చుకుంది. గెలుపుకు 5, సమానాలకు 12 తీసేస్తే మిగిలేవి 10. అంటే ఓడిన పదిహేడింటిలో పది ఆటలు కొసదాకా పోయి ఓడినవే. ఇది చేతగాని జట్టు లక్షణం కాదు. ఎక్కడో ఏదో ఒక కీలు ఊడిపోయిన జట్టు లక్షణం. ఒకటి రెండు పట్టులు కుదిరి ఉంటే లెక్క వేరేగా ఉండేది.

ఆ ఊడిన కీలు ఏమిటన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది.

ప్రొ కబడ్డీలో ఆటగాళ్ళను వేలంలో కొంటారు. ప్రతి జట్టుకూ ఖర్చుకు ఒక హద్దు ఉంటుంది. 2019లో ఆ హద్దు 4 కోట్ల 40 లక్షలు. టైటాన్స్ అప్పుడు సిద్ధార్థ్ దేశాయ్ అనే మహారాష్ట్ర రైడర్ని 1 కోటీ 45 లక్షలకు కొన్నది. అంటే సుమారు మూడో వంతు సొమ్ము ఒక్క మనిషి మీద. ఆ సంవత్సరం పదకొండో స్థానం. 2021–22లో ఆయన గాయపడి పక్కకు తప్పుకున్నాక జట్టు ఏమయిందో పైన చెప్పాను. దాని నుంచి పాఠం నేర్చుకున్నారా? 2023 వేలంలో హద్దు 5 కోట్లు. అందులో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి పవన్ సెహ్రావత్‌ను కొన్నారు. అప్పటికి లీగు చరిత్రలోనే అది అత్యధిక ధర. సగానికి పైగా సొమ్ము ఒక్కడికి పోతే మిగిలిన సగం లోపు సొమ్ముతో మిగతా జట్టంతా కట్టాలి.

పవన్ తన పని తాను చేశాడు. ఆ సీజనులో దాదాపు రెండు వందల రైడ్ పాయింట్లు తెచ్చాడు. ఆయన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయినా జట్టు ఆఖరునే నిలబడింది. ఎందుకు?

కబడ్డీ తెలిసినవాళ్ళకు దీని జవాబు వేరే చెప్పనక్కర లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. క్రికెట్లో ఒక బ్యాట్స్‌మన్ ఔటయ్యేదాకా నిలబడి ఒంటిచేత్తో గెలిపించవచ్చు. కబడ్డీలో అట్ల కుదరదు. కూతకు పోయి పట్టుబడ్డవాడు బరి బయట కూచోవాలి. ఎంత గొప్పవాడైనా తనంతట తాను లేచి లోపలికి రాలేడు. తన జట్టువాడు ఎవరో ఒకడు అవతలివాణ్ని ఔట్ చేయాలి, అప్పుడే ఇతను లేస్తాడు. మా చిన్నప్పుడు ఊళ్ళో ఔట్ అనే మాట లేదు. "సచ్చిండు" అనేవాళ్ళం, లేస్తే "బతికిండు" అనేవాళ్ళం. సచ్చినోణ్ని బతికించేది జట్టులో అందరికన్నా చిన్నవాడు కావచ్చు, పేరు లేనివాడు కావచ్చు, నావంటి ఎడమ కార్నర్ కావచ్చు. రెండు కోట్ల అరవై లక్షల ఆటగాడు బయట కూచుని, తక్కువ ధరకు కొన్నవాడి చేతివంక ఆశగా చూడవలసిన ఆట ఇది. ఆ చేతిలో పట్టు లేకపోతే ఆ కోట్లు బెంచీ మీద కూచుని ఉంటాయి, అంతే!

* * *

ఈ సంగతి నాకు మరింత స్పష్టంగా తెలిసింది ఒక పాత మిత్రుడి ద్వారా. జగిత్యాల పక్క పల్లెవాడు, నాతోపాటు చదివినవాడు. చాలా ఏళ్ళుగా అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఉంటున్నాడు. ఆదివారం పొద్దున నాకు ఫోన్ చేస్తాడు. అక్కడ అప్పటికి శనివారం రాత్రి. టైటాన్స్ ఓడిన వారాల్లో ఫోను తప్పకుండా వచ్చేది.

"ఏందిర బై, మీ టైటాన్స్ మళ్ల పండుకున్నరట గద?"

"మీ లయన్స్ లేసి నిలబడ్డరా ఏంది?"

"మావోళ్ళ ముచ్చట అడుగకు. మా పక్కింటి ముసలాయన యాభై ఏండ్ల సంది చూస్తున్నడట. గెలిచినప్పుడు కన్నీళ్ళు పెట్టుకుంటడు, ఓడినప్పుడు నవ్వుతడు."

డెట్రాయిట్ లయన్స్ అనేది వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. చేతులతో పట్టుకుని పరుగెత్తే ఆటకు ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టారో నాకిప్పటికీ అర్థం కాదు గాని, ఆ ఆట మాత్రం మన కబడ్డీవాడికి వెంటనే అర్థమవుతుంది. అవతలివాళ్ళ నేల మీదికి పోవాలి, పోయేవాణ్ని మీదపడి పట్టి పడగొట్టాలి. పదకొండు మందిలో బంతి పట్టుకున్నవాడి పేరే లోకానికి తెలుస్తుంది. అతనికి దారి చేయడానికి ముందు వరసలో ఢీకొట్టుకునే అయిదుగురి పేర్లు అభిమానులకు తప్ప తెలియవు.

ఆ జట్టులో బారీ సాండర్స్ అనే ఆటగాడు 1989 నుంచి 1998 దాకా పది సీజన్లు ఆడాడు. ఆ ఆట చరిత్రలోనే మహా పరుగుగాళ్ళలో ఒకడు. ఆ పదేళ్ళలో లయన్స్ గెలిచిన ప్లేఆఫ్ మ్యాచు ఎన్ని? ఒక్కటి. ఇంకా బలం ఉండగానే 1999లో ఆయన ఆట విరమించాడు. తర్వాత 2008లో ఆ జట్టు 16 మ్యాచులు ఆడి 16 ఓడింది. పదహారు ఆటల సీజనులో పదహారూ ఓడిన జట్టు అంతకుముందు లేదు. మన టైటాన్స్ 66లో 5 అయినా గెలిచారు గద అని నేను మావాణ్ని ఆటపట్టించేవాణ్ని.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ఆఖరున వచ్చిన జట్టుకు మరుసటి ఏడు కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడంలో మొదటి వంతు ఇస్తారు. ఆకలిగా ఉన్నవాడికి ముందు వడ్డించినట్టు. లయన్స్‌కు ఆ వంతు వచ్చింది. 2009లో మాథ్యూ స్టాఫర్డ్ అనే మంచి ఆటగాణ్ని తెచ్చుకున్నారు. పన్నెండు సీజన్లు అతని చేతిలోనే బంతి. అయినా ఒక్క ప్లేఆఫ్ మ్యాచు గెలవలేదు. 2021లో అతన్ని లాస్ ఏంజెలిస్ జట్టుకు ఇచ్చేసి, బదులుగా ఇంకొక ఆటగాణ్నీ, కొత్తవాళ్ళను ఎంచుకునే వంతులనూ తీసుకున్నారు. చూడండి తమాషా – స్టాఫర్డ్ పోయిన మొదటి సీజనులోనే అక్కడ సూపర్ బౌల్ గెలిచాడు. అంటే లోపం అతనిలో లేదు, అతని చుట్టూ ఉంది. లయన్స్‌లో డాన్ క్యాంప్‌బెల్ అనే కొత్త కోచ్ ఆ 2021లోనే వచ్చి 17 ఆటల్లో 3 గెలిచి, 13 ఓడి, ఒకటి సమానం చేసుకున్నాడు. మావాడు ఫోన్లో మొత్తుకున్నాడు. కాని ఆ కోచ్‌ను తీసేయలేదు. ముందు వరసను గట్టిపరిచారు, ఒక్కొక్క చోటికీ కుర్రవాళ్ళను తెచ్చి నిలబెట్టారు. 2023 సీజనులో 17లో 12 గెలిచారు. తమ విభాగంలో మొదటి స్థానం – ముప్ఫై ఏళ్ళ తర్వాత. 2024 జనవరిలో రెండు ప్లేఆఫ్ మ్యాచులు గెలిచి, సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు కింద శాన్‌ఫ్రాన్సిస్కో చేతిలో 34–31తో ఓడిపోయారు.

ఆ ఓటమి రాత్రి కూడా ఫోను వచ్చింది. "ఓడినం రా" అన్నాడు. గొంతులో మాత్రం ఓడిన జీర లేదు.

* * *

సరిగ్గా ఆ వారాల్లోనే మన టైటాన్స్ మూడోసారి ఆఖరు స్థానానికి జారుతున్నారు. తర్వాతి సీజనుకు కోచ్‌గా క్రిషన్ కుమార్ హుడా వచ్చాడు. 2021–22లో మనవాళ్ళు ఒక్క ఆట గెలిచిన ఏడు, దబంగ్ ఢిల్లీని విజేతగా నిలిపిన కోచ్ ఆయనే. పవన్‌ను మళ్ళీ తీసుకున్నారు గాని ఈసారి 1 కోటీ 72 లక్షల 50 వేలకు. 2024 అక్టోబర్ 18న హైదరాబాద్ గచ్చిబౌలిలో బెంగళూరు బుల్స్‌ను ఓడించి సీజను మొదలుపెట్టారు. నడిమధ్యలో పవన్‌కు గాయమైంది. పాత జట్టయితే అక్కడితో సమాప్తం. ఈసారి హర్యానా కుర్రవాడు విజయ్ మాలిక్ భారం ఎత్తుకున్నాడు, మిగతావాళ్ళు తలా ఒక చెయ్యి వేశారు. 22లో 12 గెలిచారు. ప్లేఆఫ్‌కు కొద్దిలో తప్పి ఏడో స్థానంలో నిలిచారు.

2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదలైన సీజను నాటికి పవన్ జట్టులో లేడు. విజయ్ మాలిక్ కెప్టెన్. భరత్ హుడా కూతకు పోతే ఆపేవాళ్ళు కరువయ్యారు. లీగు దశలో 18 ఆడి 10 గెలిచారు. తొమ్మిదేళ్ళకు ప్లేఆఫ్ చేరారు. బెంగళూరును ఓడించారు, పాట్నాను ఓడించారు, ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద పుణె చేతిలో 50–45తో ఓడిపోయారు. నేను డెట్రాయిట్‌కు ఫోన్ చేశాను. "ఓడినం రా" అన్నాను. అవతల వాడు నవ్వాడు. వాడికి నా గొంతు అర్థమైంది.

ఇక్కడ కొందరు నన్ను నిలదీస్తారు. "భరత్ హుడా కూడా స్టారే గద? స్టార్ లేకుండ టికెట్టు కొనేదెవరు?" నిజమే. స్టార్ వద్దని నేననడం లేదు. స్టార్‌ను కొన్నాక మిగిలిన చిల్లరతో జట్టు కట్టే పద్ధతి వద్దంటున్నాను. ఆ పాట్నా మ్యాచులో, ఆ పుణె మ్యాచులో భరత్ ఔటైన ప్రతిసారీ అతన్ని లేపినవాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి యాదికున్నాయి? నాకే అన్నీ యాదికి లేవు. కార్నర్లో ఆడినవాణ్నయి ఉండి!

* * *

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది రాయడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంది.

కొన్నేళ్ళ కింద నా క్లాసులో ఒక పిల్లవాడుండేవాడు. ఆసిఫాబాద్ దిక్కువాడు, గిరిజన ఆశ్రమ పాఠశాలలో చదివి వచ్చాడు. మాట తక్కువ. తెల్లవారుజామున గ్రౌండులో కనబడేవాడు. కుడి కార్నర్. వాడి పట్టు ఒకసారి చూశాను. కూతగాడు బోనస్ గీత దాటబోతుంటే చీల దగ్గర అందుకుని, కదలకుండా కూచున్నాడు. ఆ ఓపిక నేర్పితే వచ్చేది కాదు. హైదరాబాదులో ఏదో సెలక్షన్ ఉందని, మూడు రోజులు పోయి రావాలని నా దగ్గరికి వచ్చాడు. హాజరు అప్పటికే తక్కువగా ఉంది. నేనేమన్నానో నాకు అక్షరాలా గుర్తుంది.

"నువ్వేమన్న పవన్ సెహ్రావత్ అయితవారా? ఆట బువ్వ పెడుతదా? ముందు డిగ్రీ జూస్కో."

"సరే సార్" అన్నాడు. పోలేదు. అంతే. డిగ్రీ పూర్తి చేశాడు. రెండేళ్ళు నోటిఫికేషన్ల వెంట తిరిగాడు. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఒక పార్సిళ్ళ గోదాములో పనిచేస్తున్నాడు.

వాడు పోయి ఉంటే పెద్ద ఆటగాడయ్యేవాడని నేననను. అది ఎవరికీ తెలియదు. నా తప్పు వేరే ఉంది. వాణ్ని నేను వేలంపాటవాడిలాగ చూశాను. అయితే స్టార్, లేకుంటే సున్నా. రైల్వేలో, పోలీసులో ఆటగాళ్ళకు ఉద్యోగాలున్నాయని చెప్పలేదు. వ్యాయామ విద్య కోర్సు చేసి ఏదైనా బడిలో పీఈటీ కావచ్చని చెప్పలేదు. రిఫరీలుంటారని, కోచ్‌లుంటారని చెప్పలేదు. ఒక ఆటలో ఎన్ని కొలువులున్నాయో ఆర్థికశాస్త్రం చెప్పే నాకు ఆ పూట తట్టలేదు. తట్టింది ఒక్క పేరు, ఒక్క ధర.

ఇది నా ఒక్కడి జబ్బేనా? మన ఊళ్ళల్లో ఫ్లెక్సీలు చూడండి. ఒక ర్యాంకరు ఫోటో నిలువెత్తున ఉంటుంది, మిగతా వందల మంది తపాలా బిళ్ళలంత ఉంటారు. తల్లిదండ్రులు అప్పు చేసి ఒక్క పిల్లవాడి మీద పెడతారు, చెల్లెలు చదువు ఆగిపోతుంది. పైసలు పోసిన ఒక్కడు ఎక్కడన్నా పట్టుబడితే – ఒక పరీక్ష పోతే, ఒక వీసా రాకపోతే – వాణ్ని లేపే చెయ్యి ఇంట్లో మిగలదు. 66 ఆటల్లో 5 గెలిచిన జట్టు ఎక్కడో లేదు మిత్రులారా, మన ఇళ్ళల్లోనే ఉంది.

పుణె మ్యాచు అయిన రాత్రి గోదాము నుంచి వాడే ఫోన్ చేశాడు.

"సార్, చూసిన్రా?"

"చూసిన్రా."

"కడమల పట్టుకు జెర తొందరపడ్డరు సార్. ఇంకొక్క అడుగు లోపలికి రానియ్యాలె."

ఇంకొక్క అడుగు రానివ్వాలె! వాడి మాట నాకు ఆ రాత్రంతా చెవిలోనే ఉంది. నేను వాణ్ని ఆ ఒక్క అడుగు వేయనియ్యలేదు.

* * *

చివరగా ఒక ప్రశ్న. ఈ టైటాన్స్ మన జట్టేనా?

రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్. సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్ర. పవన్‌ది ఢిల్లీ. విజయ్ మాలిక్‌ది హర్యానా. వాళ్ళు మన పేరు చొక్కా మీద రాసుకుని ఒళ్ళు విరుచుకుని ఆడారు, అందుకు వాళ్ళకు దండం. బయటివాళ్ళు ఆడొద్దని అనేవాణ్ని కాను. డెట్రాయిట్లో మా మిత్రుడు బయటివాడు కాడా? కాని హర్యానా పల్లె నుంచి ఈ జట్టు బెంచీ దాకా ఒక దారి ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి ఆ దారి ఉందా? ఉంటే మన పిల్లలకు కనబడేటట్టు ఉందా?

అమెరికాలోనే గ్రీన్ బే అని ఒక ఊరుంది. జనాభా లక్షకు కొంచెం అటూ ఇటూ. మన కరీంనగర్‌కు సగం కూడా లేదు. వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు పాకర్స్‌కు యజమాని ఎవరో తెలుసా? జనమే. 1923 నుంచి వాటాలు అమ్మి నడుపుకుంటున్నారు. ఇవాళ అయిదు లక్షలకు పైగా వాటాదారులున్నారు. వాటాకు లాభం పైసా రాదు. అయినా కొంటారు. ఆ లీగులో మహానగరాల జట్లతో సమానంగా ఆ చిన్న ఊరి జట్టు నిలబడి ఉంది.

మనం టైటాన్స్‌ను కొనలేం. కొనమని నేను చెప్పడం లేదు. కాని మన కాలేజీ గ్రౌండు మనదే. ఇప్పటి పోటీలన్నీ మ్యాట్ మీద జరుగుతాయి. మన పిల్లలు మట్టిలో, ఉత్త కాళ్ళతో నేర్చుకుని, మొదటిసారి మ్యాట్ మీద బూట్లతో నిలబడేసరికి అడుగు తడబడుతుంది, అక్కడే సెలక్షన్ పోతుంది. కాబట్టి పూర్వవిద్యార్థులకు నా విజ్ఞప్తి: ఈ ఏడు వార్షికోత్సవానికి స్టేజీ డెకరేషన్‌కు పంపే చందాను ఒక మ్యాట్ కోసం పంపండి. డెట్రాయిట్ మిత్రుడు ఇప్పటికే ఒప్పుకున్నాడు, అంటే చిక్కాడు.

అధ్యాపక మిత్రులకు: సెలక్షన్‌కు పోయినవాడి హాజరు గురించి ఒక నియమం రాసుకుందాం. ఒక్కొక్క లెక్చరరు దయ మీద అది ఆధారపడకూడదు. నా దయ ఎంతటిదో పైన చెప్పుకున్నాను.

విద్యార్థులకు: ఒక జట్టు కాదు, రెండు జట్లు కట్టండి. మొదటి ఏడుగురితో తలపడి వాళ్ళను గట్టిపరిచేది రెండో ఏడుగురే. ఆడపిల్లల జట్టు వేరుగా కట్టండి. ప్రొ కబడ్డీ వాళ్ళు 2016లో మూడు మహిళా జట్లతో ఒకసారి పోటీ పెట్టి ఊరుకున్నారు. వాళ్ళు ఊరుకున్నా ఆడపిల్లలు ఊరుకోలేదు. 2025 నవంబరులో ఢాకాలో జరిగిన ప్రపంచకప్ మన దేశం అమ్మాయిలే గెలుచుకొచ్చారు. మన హాస్టల్ అమ్మాయిలు సాయంత్రం గ్రౌండుకు పోవాలంటే ఇంకా వార్డెన్ పర్మిషన్ చీటీ కావాలి. ముందు ఆ చీటీ సంగతి చూడండి.

ఆసిఫాబాద్ పిల్లవాణ్ని నేను మొన్న అడిగాను. "నెలకొక ఆదివారం వచ్చి మన పిల్లలకు కార్నర్ పట్టు నేర్పుతవారా? బస్సు కిరాయి నేనిస్త" అన్నాను. కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత "డ్యూటీ చూస్కొని వస్త సార్, కిరాయి వద్దు" అన్నాడు. సంక్రాంతి సెలవులయ్యాక మొదటి ఆదివారం వస్తానన్నాడు.

వాడు వచ్చేసరికి బరి గీసి, నీళ్ళు చల్లి, ఇద్దరేడుగుర్లు నిలబడి ఉండాలని సావనీర్ కమిటీకి నా మనవి. సున్నం డబ్బా నేను తెస్తాను.